ఎండిన వంకకు ఎన్ని కండ్ల మోరీ కావాలి?

మన అనంతపురం వంకల్లో ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే కనపడుతుంది. గొర్రెలు నడుస్తాయి, ట్రాక్టర్లు తిరుగుతాయి. అందుకే ఎవరైనా పెద్ద మోరీ కట్టాలంటే "నీళ్లెక్కడున్నాయప్పా, ఇంతది దేనికి?" అని మనమే అంటాం. ఆ మాట ఎంత ఖరీదైందో పాత సంగతులు చూస్తే తెలుస్తుంది.

తాడిపత్రి దాటి కడపకు పోయే రైలు దారిలో ముద్దనూరు దగ్గర మంగపట్నం ఉంది. 1902 సెప్టెంబరు 12న పెద్ద వానకు అక్కడ వంక పొంగి రైలు వంతెన కొట్టుకుపోయింది. దాని మీదికొచ్చిన మెయిల్ బండి వంకలో పడింది. పదుల మంది పోయారు. అది కూడా మనలాంటి కరువు నేలే.

నూరేళ్లు దాటినాక, 2005 అక్టోబరు 29న నల్గొండ జిల్లా వలిగొండ దగ్గర అదే జరిగింది. ఈసారి పైనున్న చెరువు తెగింది. ఆ నీళ్లకు చిన్న రైలు వంతెన నిలవలేదు. డెల్టా ప్యాసింజర్ బోగీలు పడి వందమందికి పైగా చనిపోయారు. పట్టాలకు ఎగువన ఉండే ఇట్లాంటి చెరువులకు రైల్వేవాళ్లు ఒక పేరే పెట్టుకున్నారు: రైల్వే అఫెక్టింగ్ ట్యాంక్స్. మన చెరువులు గొలుసుకట్టు కదా. పై చెరువుకు గండి పడితే కింది చెరువూ తట్టుకోలేదు. అప్పుడు మోరీ మీదికి వచ్చేది ఒక్క వాన నీళ్లు కాదు, రెండు మూడు చెరువుల నీళ్లు.

మోరీ ఇరుకైతే ఏమవుతుందో లెక్క సులువే. అరవై అడుగుల వంకకు రెండు పక్కలా మట్టి కట్ట పోసి ఇరవై అడుగులే దారి విడిచామనుకోండి. ఎగువన నీళ్లు ఎక్కి చేలల్లోకి, ఇండ్లలోకి వస్తాయి. దిగువన అవే నీళ్లు జోరుగా దూకి పునాది కింద ఇసుక తోడేస్తాయి. కంప, చెట్ల మోడులు కండ్లకు అడ్డం పడితే రోడ్డే చెరువు కట్ట అయిపోతుంది. ఆ కట్టకు మరవ ఉండదు, అదీ చిక్కు.

పాత కాజ్‌వే మీద వరద పొర్లి పోయేది. రెండు రోజులు దారి ఆగినా నీళ్లు ఆగేవి కావు. ఎత్తు రోడ్డు వేస్తే మనకు దారి దొరుకుతుంది, నిజమే. అయితే కండ్లు చాలకపోతే నీళ్లకు దారి పోతుంది.

ఇది పాతకాలం ముచ్చట కాదు. 2021 నవంబరులో చిత్రావతి వరదలో వెల్దుర్తి దగ్గర జేసీబీ మీద చిక్కుకున్న పదిమందిని హెలికాప్టర్‌తో తీశారు. ఆ నెలలోనే కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెన కూలింది.

కాబట్టి మీ ఊరి వంకకు వంతెన మంజూరైతే సంబరపడండి, కానీ నాలుగు మాటలు అడగండి. ఎగువన ఎన్ని చెరువులున్నాయో లెక్కేశారా? ఊరి పెద్దలు చూసిన పెద్ద వరద ఎక్కడిదాకా వచ్చిందో గుర్తు పెట్టుకున్నారా? పాత కాజ్‌వే రాళ్లు, పని కోసం పోసిన మట్టి తీసేస్తారా? వానలకు ముందు కండ్లలో కంప ఎవరు కొడతారు? పునాది దగ్గర ఇసుక తవ్వకుండా చూసుకునే పని మాత్రం మనదే.

ఎండిన వంకను చూసి మోరీ కొలవద్దు. దాని ఒడ్డును చూసి కొలవండి.