కమ్మదనం కార్ఖానాకెక్కిన వైనం

మా కళాశాల గేటు పక్కన సాయంత్రం వేళ ఒక నూడుల్స్ బండి ఆగుతుంది. దాన్ని నడిపే కుర్రవాడు ఇనప బాండీలో అన్నం ఎగరేస్తూ, చిన్న డబ్బాలోంచి చిటికెడు తెల్లని పలుకులు తీసి చల్లుతాడు. వాటిని అతను 'టేస్టింగ్ సాల్ట్' అంటాడు. విద్యార్థులు 'అజినొమోటో' అంటారు. నా సహోపాధ్యాయులలో కొందరు విషం అంటారు. ఆ కొందరే నగరంలో పెద్ద హోటలుకు వెళ్ళినప్పుడు పట్టికలో 'ఉమామి' అనే జపాను మాట చూసి, అదేదో కొత్త నాగరికత అయినట్టు మెచ్చుకుంటారు. రెండు చోట్లా నాలుకను తాకుతున్నది ముఖ్యంగా ఒకే పదార్థం, గ్లుటమేటు. అది బండి మీద విషమూ, బల్ల మీద కళా ఎట్లా అయిందన్న ప్రశ్నకు రసాయనశాస్త్రం సగమే జవాబు చెబుతుంది. తక్కిన సగం చరిత్రలో వెతుక్కోవాలి.

మన షడ్రుచుల లెక్కలో ఈ రుచికి చోటు లేదు. అయితే అనుభవం లేదనుకుంటే పొరపాటు. వంకాయలో ఎండు రొయ్యలు పడినప్పుడు, టమాటా పప్పు బాగా ఉడికి చిక్కబడినప్పుడు, పులుపూ ఉప్పూ కారమూ కాని నిండుతనం ఒకటి నోట్లో నిలుస్తుంది. మన ఇళ్ళల్లో దాన్ని 'కమ్మగా వుంది' అంటారు. ఈ మాట నేతివాసనకూ, పాటకూ కూడా వాడతాం కనుక శాస్త్రీయమైన పేరుగా పనికిరాదు. అయినా ఈ వ్యాసంలో దానితోనే సరిపెట్టుకుంటాను.

కమ్మదనాన్ని కార్ఖానాలో తయారుచెయ్యాలన్న ఆలోచన మొదట వంటవాళ్ళకు రాలేదు. 19వ శతాబ్దపు ఐరోపాలో పల్లెలు వదిలి మిల్లులకు చేరిన లక్షలాది కూలీలకు మాంసం కొనే స్తోమత లేదు, వండుకునే తీరికా లేదు. అదే కాలంలో దక్షిణ అమెరికా పచ్చిక బయళ్ళలో పశువులను తోళ్ళ కోసం చంపి, మాంసాన్ని చాలావరకు వృథాగా పోనిస్తున్నారు. జర్మను రసాయనవేత్త లీబిగ్ మాంసాన్ని ఉడకబెట్టి, ఆ రసాన్ని ఇంకించి ముద్దచేసే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. 1865లో అతని పేరుతో లండనులో కంపెనీ లేచింది. దాని కార్ఖానా ఉరుగ్వే దేశంలోని ఫ్రే బెంతోస్‌లో నడిచింది. ఒక కిలో ముద్దకు సుమారు 30 కిలోల మాంసం పట్టేది. పేదవాడికి మాంసం బదులు ఈ చెంచాడు ముద్ద చాలునని మొదట చెప్పారు. కాని ఇంకించిన రసంలో మాంసకృత్తులూ కొవ్వూ మిగిలేవి కావని తోటి శాస్త్రజ్ఞులే ఆక్షేపించారు. అప్పటినుంచి కంపెనీ బలం మాట తగ్గించి రుచి మాట హెచ్చించింది. తిండినుంచి రుచిని వేరుచేసి అమ్మడం ఇక్కడినుంచే పెద్ద వ్యాపారమైందని నా అభిప్రాయం.

రెండో అంకం స్విట్జర్లండులో జరిగింది. ఆ దేశంలో 1877లో వచ్చిన కార్ఖానా చట్టం పనిదినాన్ని 11 గంటలకు పరిమితం చేసింది. పరిమితం చేస్తేనే 11 గంటలు! ఆ చట్టం అమలు చూడడానికి నియమితుడైన ఫ్రిడొలిన్ షూలర్ అనే వైద్యుడు, మిల్లుల్లో పనిచేసే స్త్రీలకు వంటకు సమయం చిక్కక కుటుంబాలన్నీ నీరసించిపోతున్నాయని గమనించాడు. చౌకగా, త్వరగా ఉడికే పప్పుధాన్యాల పిండి కావాలని ఆయన వాదన. ఒక ప్రజాహిత సంఘం ద్వారా ఆ పనికి పూనుకున్నవాడు పిండిమర యజమాని యూలియస్ మాగీ. పప్పుల పిండి బలమైనదే, కాని చప్పగా వుంటుంది. 1886 నాటికి మాగీ సూపు పొళ్ళతోపాటు, గోధుమలోని మాంసకృత్తును ఆమ్లంతో విడగొట్టి చేసిన నల్లని ద్రవాన్ని కూడా బజారుకు తెచ్చాడు. మాంసం లేకుండా మాంసపు కమ్మదనం అన్నమాట. సాహిత్యం చదువుకున్న మనకు ఇందులో ఒక వింత వుంది: తర్వాత జర్మను నాటకరంగాన్ని అదరగొట్టిన ఫ్రాంక్ వెడెకిండ్ ఆ రోజుల్లో ఈ కంపెనీకి ప్రకటనలు రాసి పొట్టపోసుకున్నాడు.

షూలర్ అడిగిన ప్రశ్న ఆ స్త్రీల పనిగంటల గురించి, కూలి గురించి. బజారు ఇచ్చిన జవాబు సీసాడు రుచి. షూలర్ చిత్తశుద్ధిని నేను శంకించడం లేదు. మాగీని సైతం దుర్మార్గుడుగా చిత్రించనక్కరలేదు. పనిదినం పొడుగు అట్లాగే వుండగా వంట సమయాన్ని మాత్రమే కుదించే పరిష్కారం పెట్టుబడికి ఎంత అనుకూలమో గుర్తిస్తే చాలు.

ఇక జపాను. టోకియో విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్ర ఆచార్యుడైన ఇకెదా కికునాయె జర్మనీలో చదివి వచ్చినవాడు. సముద్రపు నాచు 'కొంబు'ను మరగబెట్టిన చారులోని రుచికి మూలమేమిటని వెతికి, 1908లో దాన్ని గ్లుటమిక్ ఆమ్లంగా తేల్చి, ఆ రుచికి 'ఉమామి' అని పేరు పెట్టాడు. తన ప్రజల ఆహారం పేదది, రుచి పెరిగితే అదే తిండి బాగా ఒంటబడుతుంది అన్నది అతన్ని నడిపించిన ఆశ. మరుసటి ఏడే, 1909లో, సుజుకి అనే వ్యాపారి 'అజినొమోటో' పేరుతో అమ్మకం మొదలుపెట్టాడు. నాచుతో గిట్టుబాటు కాదు కనుక గోధుమ జిగురే ముడిసరుకు. దాన్ని పాములతో చేస్తారని జపానులోనే పుకారు పుట్టింది. ఈ పొడిమీద భయం నేటిది కాదు.

జపాను సామ్రాజ్యంతోపాటు ఆ పొడి తైవానుకూ, చైనా రేవుపట్టణాలకూ పాకింది. అక్కడ కథ మలుపు తిరిగింది. ఊ యున్‌చూ అనే చైనా రసాయనజ్ఞుడు స్వయంగా తయారీ విధానం కనిపెట్టి 1923లో షాంఘైలో కార్ఖానా పెట్టాడు. 1925 మే 30న షాంఘైలో బ్రిటిషు ఆధీనంలోని పోలీసులు ప్రదర్శకులమీద కాల్పులు జరిపిన తర్వాత విదేశీ వస్తు బహిష్కారం పెల్లుబికింది. జపాను పొడి మానేసి స్వదేశపు పొడి వాడడం దేశభక్తి అయింది. ఖద్దరు ఉద్యమాన్ని ఎరిగిన మనకు ఇది కొత్తగా తోచదు. చైనా వంటింట్లో అది అంతగా పాతుకుపోవడానికి నాలుక ఒక్కటే కారణం కాదు.

1957లో జపానులో కినొషితా బృందం బెల్లపు మడ్డి వంటి చౌక సరుకును తిని గ్లుటమేటును విసర్జించే సూక్ష్మజీవి దొరికిందని ప్రకటించింది. ఆమ్లపు గొడవ తప్పింది, ధర పడిపోయింది. మన బండి కుర్రవాడి డబ్బాలోకి అది రావడానికి ఈ చౌకతనమే దారి.

చౌకపడ్డ పదేళ్ళకే అపవాదు వచ్చింది. 1968 ఏప్రిల్‌లో ఒక అమెరికా వైద్యపత్రికలో డాక్టరు రాబర్ట్ హో మాన్ క్వాక్ ఉత్తరం అచ్చయింది. చైనా హోటలులో తిన్నాక తనకు మెడ తిమ్మిరెక్కుతున్నదని, కారణం సోయా సాసో, వంటలో వేసే సారాయో, ఉప్పో, ఈ పొడో తెలియదని ఆయన రాశాడు. పత్రికలు మాత్రం అన్నిటినీ వదిలి పొడిని పట్టుకున్నాయి, దానితోపాటు చైనావాళ్ళ వంటనూ. అదే పదార్థం అమెరికా కంపెనీల డబ్బా సూపుల్లో, చిరుతిళ్ళలో వుంటే ఎవరికీ మెడ పట్టలేదు కాబోలు! 1995లో అమెరికా ప్రభుత్వ సంస్థకు అందిన నివేదిక, ఖాళీ కడుపున 3 గ్రాములో అంతకుమించో తీసుకుంటే కొందరికి కొద్దిసేపు చిన్న బాధలు కలగవచ్చునని మాత్రమే చెప్పింది. గ్లుటమేటు టమాటాలో వుంది, పాత జున్నులో వుంది, తల్లిపాలలోనూ వుంది.

అట్లా అని ఈ పరిశ్రమను నెత్తిన పెట్టుకోమనను. కమ్మదనం చౌకగా వుంటే పప్పు తగ్గించినా చారు చిక్కగా వున్నట్టు నాలుక నమ్ముతుంది. ఆ మోసంలో అణువు నేరమేమీ లేదు, పప్పు తగ్గించినవాడి లెక్క వుంది. మన దేశంలో 1983లో వచ్చిన మాగీ నూడుల్స్‌ను, సీసం పరిమితికి మించి వుందనీ, 'గ్లుటమేటు కలపలేదు' అని పొట్లం మీద రాసినా అది కనిపించిందనీ 2015 జూన్‌లో ఆహార భద్రతా సంస్థ నిషేధించింది. ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. కలపనిది ముడిసరుకులోంచి సహజంగానే వచ్చిందని కంపెనీ వాదం. అది రసాయనపరంగా సాధ్యమే. కాని 'కలపలేదు' అన్న మాటకు కొనేవాడు ఏమి అర్థం చేసుకుంటాడో కంపెనీకి తెలియదా?

ఆ తర్వాతి కొత్త పోకడలన్నీ ఈ మాటల చుట్టూనే తిరుగుతున్నాయి. పొడి పేరు భయపెడుతున్నది కనుక 'ఈస్టు సారం' అని రాస్తారు. అందులో కమ్మదనాన్నిచ్చేది చాలావరకు గ్లుటమేటే. మాంసం లేని మాంసపు ముద్దలు తయారుచేసే కంపెనీలు మాగీ 1886లో పట్టిన దారినే పట్టాయి. ఉప్పు తగ్గించమని వైద్యులు అంటున్నారు కనుక, ఉప్పులో దాదాపు 39 పాళ్ళు సోడియం వుంటే ఈ పొడిలో 12 పాళ్ళే వుందన్న వాదం కూడా బయలుదేరింది. ఆ వాదంలో నిజముంది. ధనికుల హోటళ్ళు పులియబెట్టిన ధాన్యాలతో, బూజుపట్టించిన గింజలతో ప్రయోగశాలలే నడుపుతున్నాయి.

మన ఉలవచారు కథా ఇదే. ఎడ్లకు ఉలవలు ఉడికించి పెట్టి, ఆ నీటిని గంటల తరబడి మరగించి రైతుకుటుంబం అన్నంలో కలుపుకునేది. గింజ ఎద్దుకు, నీళ్ళు మనిషికి. ఇవాళ ఎడ్లు పోయి ట్రాక్టర్లు వచ్చాయి. ఆ నీళ్ళే హైదరాబాదు హోటళ్ళలో బిర్యానీలో చేరి ఖరీదైన వంటకమయ్యాయి. తినేవాళ్ళను తప్పుపట్టను, నేనూ తిన్నాను, చాలా బాగుంది.

మొన్న మా విద్యార్థి ఒకడు అయిదు రూపాయల చిప్స్ పొట్లం తెచ్చి, వెనుకవైపు చీమతలకాయంత అక్షరాలలో వున్న 627, 631 అన్న అంకెలేమిటని అడిగాడు. 631 ఇకెదా శిష్యుడు కొదామా 1913లో ఎండబెట్టిన చేపలో కనుక్కున్న రుచి. 627 కునినాకా 1950ల చివర బయటపెట్టినది. గ్లుటమేటుతో కలిస్తే రవ్వంత చాలు, కమ్మదనం ఎన్నో రెట్లవుతుంది. అంతవరకు చెప్పాను. "అయితే పొట్లంలో చేప లేదుగా సార్?" అన్నాడు. వాడికి సమాధానం చెప్పబోయి ఈ వ్యాసం మొదలుపెట్టాను.