అరుగు నుంచి ఎలివేషన్ దాకా

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టేవాడు మేస్త్రీతో మొదట మాట్లాడేది ఎలివేషన్ గురించి. ముందు గోడకు టైల్సు ఎంత ఎత్తు వేయాలి, బాల్కనీకి గాజు పెట్టాలా, స్టీలు గొట్టాలు పెట్టాలా? ఈ చర్చ తెగిన తరువాతనే లోపలి గదుల సంగతి. చదువుకున్న మనవారు దీన్ని చూసి రెండు మాటలంటారు. కొందరు జనం అభిరుచి చెడిపోయిందంటారు. మరికొందరు అరుగులు పోయాయే, పెంకుటిళ్ళు పోయాయే అని నిట్టూరుస్తారు. ఇద్దరికీ ఇంటి ముఖం కేవలం అందచందాల సమస్య. ఆ ముఖం ఎవరి శ్రమతో లేచింది, ఎవరిని లోనికి రానిచ్చింది, ఎవరిని వీధిలో నిలబెట్టింది అన్న ప్రశ్న ఇద్దరూ వేయరు.

చరిత్రను కోటల దగ్గర మొదలుపెట్టడం మనకు అలవాటు. నేను సముద్రపుటొడ్డు చుట్టింటి దగ్గర మొదలుపెడతాను. గుండ్రటి మట్టిగోడ, దానిమీద గోపురంలా తాటాకు కప్పు. చూరు ఇంచుమించు నేలదాకా దిగి వుంటుంది. నడుం వంచితే గాని మనిషి లోపలికి పోలేడు. దూరంనుంచి చూస్తే గోడ కనబడదు, కప్పే ఇల్లు. దీన్ని ‘గుడిసె’ అని తీసిపారేసేవారు దాని వెనుకనున్న ఆలోచనను గమనించలేదు. గుండ్రటి గోడకు మూలలు లేవు గనుక తుపాను గాలికి పట్టు తక్కువ. ఏటవాలు కప్పుమీదుగా ఆ గాలి జారిపోతుంది. కిందికి దిగిన చూరు మట్టిగోడను జల్లునుంచి కాపాడుతుంది. బంగాళాఖాతంతో తరతరాలుగా తలపడినవాళ్ళు చేతులతో నేర్చుకున్న వాస్తుశాస్త్రమిది. అయితే దీన్ని నెత్తిన పెట్టుకుని వూరేగించడం కూడా పొరపాటే. నిప్పురవ్వ పడితే వాడంతా బూడిద. లోపల వెలుతురు తక్కువ. కొన్నేళ్ళకొకసారి కప్పు మార్చాలి. తాటితోపు మరొకరిదైతే ఆకుకోసం చేతులు కట్టుకుని నిలబడాలి.

లోపలి వూళ్ళ స్వరూపం వేరు. వీధికి రెండువైపులా ఒకదాన్నొకటి ఆనుకున్న ఇళ్ళు, వాటి ముందు పంచలు, అరుగులు. మధ్యాహ్నంవేళ గోగునార తాడు పేనేది అక్కడే, చింతపండు గింజ తీసేది అక్కడే, పెళ్ళి సంబంధం కుదిరేదీ బేరం చెడేదీ అక్కడే. ఆ అరుగుమీద ప్రేమతో ఎంతైనా రాయవచ్చు, చాలామంది రాశారు కూడా. కాని దళితుడికి ఆ అరుగు లేదు. అతని స్థానం అరుగు కింద, వీధిలో. కూలిగింజలు అక్కడే నిలబడి పట్టుకోవాలి. కొలిస్తే రెండడుగుల ఎత్తు. ఆ రెండడుగులు ఎక్కడానికి ఎన్ని తరాలు పట్టిందో మనకు తెలుసు.

1802లో ఉత్తర సర్కారుల్లో శాశ్వత శిస్తు పద్ధతి ప్రవేశించి జమీందార్ల అధికారానికి చట్టపు ముద్ర వేసింది. విజయనగరం కోట అంతకు ముందే, 1713లో, లేచింది. కోటలోని స్తంభాన్ని చూసి కరణం, షావుకారు తమ పంచలకు గచ్చు స్తంభాలు ఎత్తారు. గుమ్మానికి చెక్కుడుపని వచ్చింది. రైతు చెల్లించిన శిస్తు ఈ విధంగా వీధివైపు అలంకారమై నిలబడింది. దీనికి భిన్నమైన ఇల్లు సీతంపేట కొండల్లో కనిపిస్తుంది. సవరల ఇళ్ళు కూడా వరుసగానే వుంటాయి. ఎర్రమట్టి పూసిన గోడలు, ముందు ఎత్తయిన పంచ. ఆ ఎత్తు కొండవాలు కోరిన ఎత్తు.

తరువాతి మార్పు సముద్రం దాటి వచ్చింది. ఇక్కడి కూలీలు రంగూన్ రేవుల్లో, బియ్యం మిల్లుల్లో పనిచేసి పంపిన డబ్బుతో కొన్ని తాటాకిళ్ళు పెంకుటిళ్ళయ్యాయి. 1865లో మంగుళూరులో బాసెల్ మిషన్‌వారు యంత్రంతో చేయించిన పెంకు మన వూళ్ళకు ‘బెంగుళూరు పెంకు’ అనే పేరుతో చేరింది. పేరు తప్పయినా పెంకు గట్టిది. అది వచ్చినకొద్దీ కుమ్మరి చేసే గూనపెంకుకు గిరాకీ తగ్గింది. 1942లో జపాన్ సైన్యం రంగూన్ పట్టుకున్నప్పుడు వేలాదిమంది కాలినడకన బయలుదేరారు. వాళ్ళలో ఎందరో ఇల్లు చేరలేదు.

వలస మాత్రం ఆగలేదు. హైదరాబాదులో, చెన్నైలో అపార్టుమెంట్లకు సెంట్రింగు కొట్టేవాడు, ముందు గోడకు అద్దాలు బిగించేవాడు మన వూరివాడు. పండుగకు వచ్చి తన ఇంటికీ అదే అద్దం బిగిస్తాడు. అరుగు కింద నిలబడినవాడి మనవడు టెక్కలి నీలి గ్రానైటుతో మెట్లు వేయించుకుంటే దాన్ని అభిరుచి లోపమని వెక్కిరించడానికి నాకు నోరు రాదు. అది వీధికి అతను చెప్పిన సమాధానం. పైగా 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస ప్రాంతాన్ని ఊడ్చిపెట్టినప్పుడు రేకులు ఎగిరాయి, స్లాబు నిలిచింది. స్లాబు కోరుకోవడంలో జనం తెలివితక్కువతనమేమీ లేదు.

నా ఫిర్యాదు వేరే వుంది. పట్నంలో చల్లగాలి యంత్రం వున్నవాడికోసం గీసిన బొమ్మను ఇక్కడికి తెచ్చి అతికిస్తున్నారు. చూరు పూర్తిగా మాయమైంది. పడమటి ఎండ అద్దంమీద పడి గది కొలిమవుతుంది. వాన నేరుగా గోడకు తగిలి రెండేళ్ళకే రంగు పొక్కిపోతుంది. ఆ రంగుకు చేసిన అప్పు మాత్రం చెక్కు చెదరదు. వీధివైపు గ్రిల్లు, గేటు. ఇంటాయన వలసలో, ఇల్లాలు గేటు లోపల.

ఆమదాలవలస దగ్గర ఒక వాడలో నేను చూసిన ఇల్లుంది. యజమాని సెంట్రింగు కూలీ. మేస్త్రీ వద్దన్నా స్లాబును మూడడుగులు ముందుకు లాగించి, దానికింద అరుగు వేయించాడు. పాలిషు పట్టే చోట మిగిలిన గ్రానైటు ముక్కలు ఏరితెచ్చి పరిపించాడు. నేను వెళ్ళిన సాయంత్రం వాళ్ళమ్మ ఆ అరుగుమీద చింతపండు గింజ తీస్తున్నది. పక్క వీధినుంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు, ఎవరూ పిలవకుండానే, ఎక్కి కూర్చుని తలా ఒక గుప్పెడు ముందుకు లాక్కున్నారు.