నొస్సము ఆడుబిడ్డ

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథను పాటగా విననివారు మన సీమలో అరుదు. పాటలో వీరుడు కలడు, కత్తి కలదు, కోవెలకుంట్ల ఖజానా కలదు. ఆ వీరుని కన్నతల్లి పుట్టినింటిని వెదకుట నేటి ప్రసంగోద్దేశము. తగవులో పెద్దపాలు అక్కడనే పుట్టినది.

పురుషుని వంశమును ఇంటిపేరే చెప్పును. ఆడుబిడ్డ మెట్టినింట కాలుపెట్టినతోడనే ఆ దారి తెగిపోవును. అప్పుడామె కుమారుడు ఎవరి సొత్తునకు హక్కు చెప్పెనో చూడవలెను. నరసింహారెడ్డి తండ్రి ఉయ్యాలవాడ పెద్దమల్లారెడ్డి. నొస్సము పాలెగాడు జయరామిరెడ్డికి నరసింహారెడ్డి దౌహిత్రుడు. ఈ యొక్క మాటలో తల్లియు తాతయు ఇరువురును కలరు.

1800 సంవత్సరమున నైజాము మన జిల్లాలను కుంపిణీవారి కొప్పగించెను. మన్రో దొర పాలెగాండ్ర బలము నణచెను. పిమ్మట వారి కుటుంబములకు భరణము లేర్పడెను. ఉయ్యాలవాడవారికి నెలకు 70 రూపాయలు. అందు సగము ఒక శాఖకు పోయెను. మిగిలిన 35 రూపాయలను మూడు పాళ్లు చేయగా నరసింహారెడ్డి వంతునకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు వచ్చెను. బడిపంతులు బుద్ధి పోనిచ్చునా! అణాకు 12 పైసల చొప్పున నేనును పంచి చూచితిని. ఒక్క పైసయు తేడా లేదు.

తండ్రివైపు బంధుత్వమును అంత నిక్కచ్చిగా తూచిన కచేరివారు తల్లివైపునకు వచ్చుసరికి త్రాసు ప్రక్కన పెట్టిరి. జయరామిరెడ్డి గతించిన పిమ్మట నొస్సము భరణము రద్దయ్యెను. దౌహిత్రునకు అందులో పాలు లేదనిరి. మితాక్షర చూడుడు. విభక్తుడై పుత్రసంతతి లేక గతించినవాని సొత్తు భార్యకు, ఆమె లేనిచో కూతునకు, కూతురును లేనిచో దౌహిత్రునకు చెందును. భరణము సొత్తు కాదు, సర్కారు దయ యని కుంపిణీ పక్షము. కోటయు భూమియు పుచ్చుకొని, బదులుగా ఇచ్చినదానిని దయ యనుట నాకు సమ్మతము కాదు.

ఇదొక్కటే కారణమనను. ఇనాములు పోయిన కట్టుబడివారు ఆయన వెంట నడచిరి. 1846 జూలైలో కోవెలకుంట్ల ఖజానాపై బడిరి. 1847 ఫిబ్రవరి 22న ఆయన నచ్చటనే ఉరితీసిరి. ఆ నొస్సము దౌహిత్రుని తలను 1877 వరకు, అనగా గొప్ప కరవు కాలము దాక, కోటగుమ్మమున వ్రేలాడనిచ్చిరి.

మీ యిండ్లలో పాతపెట్టెలున్నచో, పసుపుకుంకుమల క్రింద ఆడుబిడ్డలకు వ్రాసియిచ్చిన పొలము కాగితములను తీసి చదివింపుడు. ఆడుబిడ్డ పేరు, తండ్రి పేరు, పుట్టిన ఊరు, మూడును ఒక్కచోట దొరకుట అట్టి కాగితములయందే.