బొజ్జన్నకొండ మీద నేనేసిన రాయి

అనకాపల్లి అనగానే అందరికీ బెల్లం గుర్తొస్తుంది. ఊరికి మూడు కిలోమీటర్ల దూరంలో, శంకరం దగ్గరున్న రెండు కొండలు మాత్రం చాలామందికి గుర్తు రావు. నాకూ చిన్నప్పుడు కనుమ రోజునే గుర్తొచ్చేవి. ఆ రోజు జనం బొజ్జన్నకొండకి వెళ్ళి, అక్కడ బొజ్జలా ఉండే ఓ రాతిని రాక్షసుడనుకుని రాళ్ళతో కొట్టేవాళ్ళు. అందరూ కొడుతున్నారు కదాని నేనూ కొట్టాను. ఎందుకని అడగలేదు. తర్వాతెప్పుడో ఇంటాక్ వాళ్ళు ఇది వద్దని ప్రచారం చేశారు.

ఆ కొండల మీద 1906 ప్రాంతంలో అలెగ్జాండర్ రే తవ్వకాలు జరిపించాడు. రాతిలో తొలిచిన గుహలు, స్తూపాలు, బుద్ధుడి శిల్పాలు బయటపడ్డాయి. సముద్రగుప్తుడి బంగారు నాణెం, 'విషమసిద్ధి' బిరుదున్న తూర్పు చాళుక్య విష్ణువర్ధనుడి రాగి నాణేలు కూడా దొరికాయి. అంటే కొన్ని వందల ఏళ్ళు అక్కడ భిక్షువులున్నారన్నమాట. సంఘారామమే శంకరం అయిందనీ, బుద్ధుడి కొండే బొజ్జన్నకొండ అయిందనీ అంటారు. పక్క కొండ నిండా వరసగా చిన్న చిన్న స్తూపాలు. మనవాళ్ళకి అవి లింగాల్లా కనిపించాయి, లింగాలకొండ అయిపోయింది!

రాయి అదే, పేరు మారింది. పేరుతో పాటు భక్తీ మారింది. మరి ఇందులో అసలు ఏది?

ఈ ప్రశ్నని మన నేలతో ముడిపడ్డ నాగార్జునుడు సుమారు 2వ శతాబ్దంలోనే పట్టుకున్నాడు. ఆయన శూన్యం అంటే ఏమీ లేదని కాదు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే అది 'నల్' కాదు. ఏ వస్తువూ మిగతావాటి మీద ఆధారపడకుండా, తనంతట తానుగా నిలబడదని. లోకవ్యవహారానికి పనికొచ్చే సత్యం ఒకటి (సంవృతి), పరమార్థం ఇంకొకటి అన్నాడు. తర్వాత శంకరాచార్యులు శూన్యవాదాన్ని వాదించడానికి కూడా తగదని కొట్టేశారు. కానీ ఆయనా వ్యావహారికం, పారమార్థికం అని రెండంతస్తులు కట్టారు. అందుకే ఆయన్ని ప్రచ్ఛన్న బౌద్ధుడన్నవాళ్ళూ ఉన్నారు. నాకైతే ఆ మాట అన్యాయంగానే తోస్తుంది. అన్నీ తీసేశాక చివరికి మిగిలేది బ్రహ్మం అంటారు శంకరులు. మిగిలిందని దేన్నీ పట్టుకోవద్దంటాడు నాగార్జునుడు. ఇది చిన్న తేడా కాదు.

ఇద్దరూ ఒప్పుకునేది మాత్రం ఒకటుంది. మనం పెట్టిన పేరు పరమసత్యం కాదు. పండితులు దీని మీద పుస్తకాలకి పుస్తకాలు రాశారు, మేము రాళ్ళు వేశాం. లింగం అనుకుంటే దణ్ణం పెట్టాం, రాక్షసుడనుకుంటే రాయి విసిరాం. రెండుసార్లూ ఎదురుగా ఉన్నదేమిటో చూడలేదు.

పరమసత్యం ఏమిటో నాకు తెలీదు. రాయి ఎత్తేముందు "ఇదేమిటి?" అని అడగడం దానివైపు మొదటి అడుగని మాత్రం ఇప్పుడనిపిస్తుంది. ఈసారి అనకాపల్లి వైపు వెళ్తే ఆ కొండలెక్కి చూడండి. మీకేమనిపించిందో చెప్పండి.