గులాబీ రంగు మాత్ర వెనుక చరిత్ర

ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో 5 నుండి 9 ఏళ్ల పిల్లలకు వారానికొకసారి ఇచ్చే గులాబీ రంగు మాత్రలో 45 మిల్లీగ్రాముల ఇనుము, 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. అంగన్‌వాడీ పిల్లలకు ఇవే మందులు సిరప్‌గా అందుతాయి. ఒకే మాత్రలో చేరిన ఈ రెండింటి చరిత్రలు మాత్రం వేరు.

ఇనుముది పాత చరిత్ర. మన ఆయుర్వేదం పాండురోగానికి లోహభస్మాన్ని వాడింది. ఫ్రాన్సులో పియర్ బ్లో అనే వైద్యుడు 1832లో ఇనుప లవణంతో చేసిన మాత్రలను రక్తహీనతకు ప్రచారంలోకి తెచ్చాడు. అయితే ఇనుముకు లొంగని రక్తహీనత కూడా ఉందని తరువాత తెలిసింది.

అటువంటి రక్తహీనతను పరిశీలించడానికి ఇంగ్లండు వైద్యురాలు లూసీ విల్స్ 1928లో బొంబాయి వచ్చారు. అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులకు ఎర్ర రక్తకణాలు సంఖ్యలో తగ్గి, పరిమాణంలో పెరిగేవి. లోపం ఆహారంలోనే ఉందని గ్రహించిన విల్స్, మార్మైట్ అనే చవకైన ఈస్టు సారంతో ఆ వ్యాధి నయమవుతుందని 1931లో ప్రకటించారు. అందులో పనిచేసిన పదార్థం ఏమిటో అప్పటికి తెలియదు. 1941లో అమెరికా శాస్త్రవేత్తలు పాలకూర నుండి ఒక ఆమ్లాన్ని వేరుచేసి, ఆకు అనే అర్థమున్న లాటిన్ మాటతో దానికి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు.

ఆకుల నుండి తీసేది అణుమాత్రం. లక్షల మందికి చాలాలంటే ప్రయోగశాలలో తయారు కావాలి. 1945లో లెడర్లీ సంస్థలో ఆ పని సాధించిన బృందానికి నాయకుడు, భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే పేగు వ్యాధితో కొద్ది రోజుల తేడాలో మరణించారు. పేగులు ఫోలిక్ ఆమ్లాన్ని సరిగా గ్రహించలేని ఆ వ్యాధికి ఈ మందే పనిచేసింది. తన ఇంటిని ఆదుకోలేకపోయిన ఔషధాన్ని ఆయన లోకానికి అందించారు.

మన దేశంలో రక్తహీనత నివారణకు జాతీయ కార్యక్రమం 1970లో మొదలైంది. 2018లో అది ‘అనీమియా ముక్త్ భారత్’గా విస్తరించింది. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. మందు ఉన్నంత మాత్రాన చాలదు, అది బిడ్డ కడుపులోకి చేరాలి.

మాత్ర వేసుకున్నాక మలం నల్లబడితే తల్లులు భయపడతారు. అది ఇనుము రంగు మాత్రమే, హాని లేదు. భోజనం తరువాత వేస్తే వికారం తగ్గుతుంది. పాలతో, టీతో ఇస్తే ఇనుము ఒంటబట్టదు. నులిపురుగుల మందు కూడా వేళకు వేయించాలి. జ్వరంగా ఉన్నప్పుడు, థలసీమియా ఉన్న పిల్లలకు వైద్యుని అడగకుండా ఇవ్వరాదు. మిఠాయి అనుకొని పసివాడు గుప్పెడు మింగితే ప్రాణాపాయం. కనుక అందనంత ఎత్తులో దాచాలి.