దేన్ని తట్టుకుంటుంది? (ఒక రబ్బరు వాషరు చరిత్ర)

మొన్న సంక్రాంతికి ఊరెళ్తూ మా బాబాయ్ కోసం ఒక స్ప్రేయర్ పట్టుకెళ్ళాను. బాబాయ్‌కి విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్, పెయింటింగ్ షెడ్డు ఉంది. ముప్పై ఏళ్ళుగా అదే పని. రంగు కొట్టే ముందు కారు బాడీ మీదున్న జిడ్డు, వ్యాక్స్ పోవడానికి గుడ్డని థిన్నర్‌లో ముంచి ఒట్టి చేత్తోనే రుద్దుతాడు. వేళ్ళు పగిలి, తెల్లగా పొలుసులు లేచి ఉంటాయి. అది చూడలేక నెట్లో వెతికి, చేత్తో గాలి కొట్టే పంపు స్ప్రేయర్ ఒకటి కొన్నాను. డబ్బా మీద పెద్దక్షరాలతో "కెమికల్ రెసిస్టెంట్" అని రాసుంది. ఇంకేం కావాలి అనుకున్నా.

హైదరాబాద్ తిరిగొచ్చిన మూడో రోజు ఫోన్. "ఒరేయ్ ఇంజనీరూ, నీ పంపు గొంతు పట్టేసిందిరా!"

లోపలి రబ్బరు వాషరు ఉబ్బిపోయి పిడి పైకీ రావట్లేదు, కిందకీ పోవట్లేదు. అంతటితో ఆగితే బాగుండేది. దాంతో తడిపి తుడిచిన బానెట్ మీద రంగు కొడితే చేప కళ్ళలాగా గుంటలు లేచాయట. రబ్బరులో ఉండే నూనెలాంటి పదార్థాల్ని థిన్నర్ బయటికి లాగి బానెట్ మీద పరిచినట్టుంది. మళ్ళీ గీకి, మళ్ళీ ప్రైమర్ వేసి, మళ్ళీ రంగు కొట్టారు. ఒక రోజు పని, మెటీరియల్ ఖర్చు రెండూ బాబాయ్ నెత్తినే పడ్డాయి. నన్ను పల్లెత్తు మాట అనలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

తప్పెక్కడ జరిగిందో తెలుసుకుందామని తవ్వడం మొదలుపెడితే అది నన్ను దాదాపు నూటనలభై ఏళ్ళ వెనక్కి, ఫ్రాన్సు ద్రాక్ష తోటల్లోకి తీసుకెళ్ళింది.

1885లో బోర్డో యూనివర్సిటీ ప్రొఫెసర్ మిలార్డే ద్రాక్ష తెగులుకి ఒక మందు ప్రకటించాడు. మైలుతుత్తం, సున్నం కలిపిన నీళ్ళు. మన రైతులు ఇప్పటికీ బోర్డో మిశ్రమం అని వాడేది అదే. దాన్ని ఎకరాల కొద్దీ తోటల్లో చల్లడం ఎలా? ఇనప డబ్బాలో పోస్తే మైలుతుత్తం ఇనుముని తినేస్తుంది (మేకుని మైలుతుత్తం నీళ్ళలో వేస్తే రాగి పూత పట్టడం స్కూల్లో చూసే ఉంటారు). అందుకే వెర్మొరెల్ అనే ఆయన వీపుకి తగిలించుకునే స్ప్రేయర్ని రాగితో చేయించి అమ్మాడు. ఇక్కడ గమనించాల్సిందేంటంటే, ఆయన "మందుల్ని తట్టుకునే డబ్బా" చెయ్యలేదు. మైలుతుత్తాన్ని తట్టుకునే డబ్బా చేశాడు. అదే రాగి డబ్బాలో నైట్రిక్ ఆసిడ్ పోసుంటే డబ్బా మిగిలేది కాదు.

ఇంచుమించు అదే కాలంలో అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని టొలీడోలో, డాక్టర్ అలెన్ డెవిల్‌బిస్ రోగుల గొంతులో మందు చల్లడానికి రబ్బరు బుడ్డి, గొట్టంతో ఒక అటమైజర్ చేశాడు. వాళ్ళబ్బాయి థామస్ 1907లో ఆ సూత్రం మీదే రంగు కొట్టే స్ప్రే గన్ తయారుచేశాడు. అంటే ఇవ్వాళ ఆటోనగర్‌లో బుస్సుమంటున్న గన్నుల తాత ఒక గొంతు డాక్టరు గారి పరికరం!

కానీ ఆ గన్నుకి కార్ల కంపెనీల్లో అసలు రాజ్యం తెచ్చిపెట్టింది డ్యూకో. మొదటి ప్రపంచయుద్ధం అయిపోయాక డ్యూపాంట్ కంపెనీకి తుపాకీ మందు కోసం కట్టిన నైట్రోసెల్యులోజ్ ఫ్యాక్టరీలు మిగిలిపోయాయి. అప్పట్లో కారుకి రంగులన్నీ వేసి ఆరబెట్టడానికి రెండు నుంచి నాలుగు వారాలు పట్టేది. డ్యూపాంట్, జనరల్ మోటార్స్ కలిసి తెచ్చిన నైట్రోసెల్యులోజ్ లక్క ఆ వారాల్ని గంటల్లోకి దించింది. 1924 మోడల్ ఓక్లాండ్ కారు మీద అది నీలం రంగులో మొదటిసారి కనబడింది. చకచకా ఆరిపోయే ఆ రంగుని కుంచెతో వెయ్యడం కష్టం, గన్నుతోనే కొట్టాలి. మన షెడ్లలో ఇప్పటికీ "డ్యూకో కొట్టించాలి" అనే మాట, "ఎన్.సి. థిన్నర్" అనే మాట అక్కణ్ణుంచి వచ్చినవే. ఎన్.సి. అంటే నైట్రోసెల్యులోజే.

దీనికో తిరకాసుంది. ఆ లక్క ఆరిపోయాక కూడా తన థిన్నర్‌లో మళ్ళీ కరిగిపోతుంది. కాబట్టి పాత రంగు మీద జిడ్డు తుడవాలంటే థిన్నర్ పనికిరాదు. జిడ్డుని కరిగించి, రంగుని వదిలేసేది కావాలి. అలా పెట్రోలియం నాఫ్తా జాతి ద్రావకాలు తుడుపు పనికి వచ్చాయి. ఇవ్వాళ వ్యాక్స్ అండ్ గ్రీజ్ రిమూవర్ అని అమ్మేవాటిలో చాలావరకు ఆ కుటుంబమే.

ఇక అసలు విలన్ రబ్బరు సంగతికొద్దాం. 1823లో స్కాట్లాండ్‌లో చార్ల్స్ మాకింటోష్ రెయిన్‌కోటు గుడ్డ చేసింది ఎలాగో తెలుసా? రబ్బరుని నాఫ్తాలో కరిగించి గుడ్డల మధ్య పూసి! అంటే నాఫ్తా రబ్బరుని కరిగిస్తుందన్న సంగతి స్ప్రే గన్ పుట్టడానికి ఎనభై ఏళ్ళ ముందే లోకానికి తెలుసు. తర్వాత గుడ్‌ఇయర్ గంధకంతో రబ్బరుని గట్టిపరిచాడు. దాంతో కరగడం ఆగింది గానీ ఉబ్బడం ఆగలేదు.

ఉబ్బని రబ్బరు అనుకోకుండా దొరికింది. 1920ల మధ్యలో కాన్సస్ సిటీలో జోసెఫ్ ప్యాట్రిక్ అనే ఆయన, నేథన్ మ్నూకిన్‌తో కలిసి, కార్ల రేడియేటర్లలో నీళ్ళు గడ్డకట్టకుండా ఉండే ద్రవం చేద్దామని చూస్తుంటే కంపుకొట్టే జిగురు ఒకటి తయారైంది. కడుగుదామంటే ఏ ద్రావకానికీ లొంగదు! ఆ మొండితనాన్నే సరుకుగా మార్చి 1929లో కంపెనీ పెట్టారు. పేరు థయోకాల్. గ్రీకులో గంధకం, జిగురు అనే మాటల్ని కలిపిన పేరు.

ఆ తర్వాత వరస కట్టాయి. 1930లో డ్యూపాంట్ ల్యాబులో నియోప్రీన్ పుట్టింది. అదే దశాబ్దంలో జర్మనీ నుంచి నైట్రైల్ రబ్బరు వచ్చింది. 1957లో డ్యూపాంట్ విమానాల కోసం వైటాన్ తెచ్చింది. ఇది ఫ్లోరిన్ ఉన్న రబ్బరు. పెట్రోల్, నాఫ్తా, టొలీన్ దీన్ని పెద్దగా ఏమీ చెయ్యలేవు. కానీ అసిటోన్ పోస్తే పూరీలా పొంగుతుంది. 1960లలో వచ్చిన ఈపీడీఎం దీనికి సరిగ్గా తిరగేసి. అసిటోన్‌కి, ఆల్కహాల్‌కి బాగానే ఆగుతుంది, నాఫ్తాకి, టొలీన్‌కి ఉబ్బిపోతుంది.

ఇప్పుడు ఎన్.సి. థిన్నర్ చూడండి. అందులో సాధారణంగా టొలీన్ లాంటివీ ఉంటాయి, అసిటోన్ జాతివీ ఉంటాయి. వైటాన్ వేస్తే ఒకటి తింటుంది, ఈపీడీఎం వేస్తే ఇంకోటి తింటుంది. నేను కొన్న డబ్బా మీద రాసింది అబద్ధం కాకపోవచ్చు. "దేన్ని" అనే మాట ఒక్కటే లేదు. "సపోర్టెడ్" అని రాసి ఏ వెర్షనో రాయకపోతే మేం ఆఫీసులో ఎంత గొడవ చేస్తామో! ఇక్కడ మాత్రం నోరు మూసుకుని కొనేశా :)

ఇందులో ఒక విషాదం కూడా ఉంది. జిగురుతో మొదలైన ఆ థయోకాల్ కంపెనీ, తన రబ్బరు రాకెట్ ఇంధనాన్ని పట్టి ఉంచడానికి పనికొస్తుందని తేలడంతో రాకెట్లలోకి వెళ్ళింది. ఛాలెంజర్ స్పేస్ షటిల్ బూస్టర్లు చేసింది వాళ్ళే (అప్పటికి పేరు మోర్టన్ థయోకాల్). వాటి కీళ్ళలో వైటాన్ ఓ-రింగులు. వైటాన్ వేడికి ఆగుతుంది, చలికి బిగుసుకుపోతుంది. 53 డిగ్రీల ఫారన్‌హీట్ కంటే చల్లగా ఉంటే ఎగరెయ్యొద్దని ముందురోజు రాత్రి ఆ కంపెనీ ఇంజనీర్లే మొత్తుకున్నారు, వినలేదు. 1986 జనవరి 28న, 36 డిగ్రీల చలిలో లేచిన షటిల్ 73 సెకన్లలో ముక్కలైంది. ఏడుగురు పోయారు. విచారణలో ఫైన్‌మన్ ఓ-రింగు ముక్కని చిన్న బిగింపులో నొక్కి, ఐసు నీళ్ళ గ్లాసులో ముంచి, చలికి అది వెంటనే తన ఆకారానికి రాదని అందరి ముందూ చూపించాడు. తట్టుకుంటుంది సరే, దేన్ని? ఎంత చలిలో? అక్కడా అదే ప్రశ్న.

ఇదంతా చదివాక బాబాయ్‌కి ఫోన్ చేసి గంట సేపు చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. తర్వాత, "మన ఇంట్లో దోమల మందు కొట్టే ఫ్లిట్ పంపు ఉండేది, గుర్తుందా? అందులో తోలు వాషరే కదా, కిరసనాయిలు వాసనొచ్చే మందు పోసినా ఏళ్ళ తరబడి చెడిపోలేదేం?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. ఆలోచిస్తే తట్టింది. ఫ్లిట్ పంపులో వాషరు తోసేది గాలినే, మందు దాన్ని తాకదు. గాలి గొట్టం మూతి మీదుగా వెళ్తూ కింద డబ్బాలోంచి మందుని పైకి లాగుతుంది. డెవిల్‌బిస్ గొంతు పరికరం కూడా అంతే. వాళ్ళు మందుకి ఆగే రబ్బరు కోసం వెతకలేదు, రబ్బరుని మందుకి దూరంగా పెట్టారు. అంత చదివిన నాకు తట్టని ప్రశ్న షెడ్డులో కూర్చున్న మనిషికి తట్టింది.

చివరికి తేలిందిదీ. థిన్నర్‌ని పంపులో పొయ్యడం మానేశాడు. అది పొగమంచులా లేస్తే నిప్పుకీ ప్రమాదం, ఊపిరితిత్తులకీ ప్రమాదం. తుడుపుకి వ్యాక్స్ రిమూవర్, దానికి వైటాన్ వాషర్లున్న పంపు, పాలిథిన్ డబ్బా. ఒక గుడ్డతో తడిపి, ఆరేలోపే ఇంకో పొడి గుడ్డతో తుడవడం. చేతులకి గ్లవ్స్ (ఇది మాత్రం పిన్ని బలవంతం మీద). ఇంకో అలవాటు కూడా చేసుకున్నాడు. ఏ కొత్త పంపు కొన్నా స్పేర్ వాషర్ని ఆ ద్రావకంలోనే గాజు సీసాలో మూడు రోజులు నానబెట్టి, వెర్నియర్‌తో ముందూ తర్వాతా కొలుస్తాడు. ఉబ్బితే పంపు వాపసు.

మొన్న ఫోన్లో, "లెక్క సరిపోయిందిరా, వాషరు కదల్లేదు" అన్నాడు. చేతులెలా ఉన్నాయని అడిగాను. "అవీ పర్లేదు, పొలుసులు తగ్గాయి" అన్నాడు.

ఆ బానెట్ డబ్బులు మాత్రం ఇంకా తీసుకోలేదు. ఈసారి పిన్ని చేతికిచ్చొస్తా.