శ్రీరామచంద్ర (గాయకుడు)

మైనంపాటి శ్రీరామచంద్ర తెలుగు, హిందీ చిత్రాల నేపథ్యగాయకుడు, నటుడు. 2010లో సోనీ టెలివిజనులో ప్రసారమైన ఇండియన్ ఐడల్ అయిదవ పోటీలో ప్రథమస్థానం పొందాడు. ఆ పోటీలో విజేతగా నిలిచిన మొదటి తెలుగువాడు ఇతడే.

బాల్యము, విద్య

శ్రీరామచంద్ర 1986 జనవరి 19న ప్రకాశం జిల్లా అద్దంకిలో జన్మించాడు. హైదరాబాదులోని ముఫ్ఫఖం ఝా ఇంజనీరింగు కళాశాలలో చదువుకొన్నాడు.

ఇండియన్ ఐడల్ విజయము

బ్రిటనులో 2001లో మొదలైన పాప్ ఐడల్ కార్యక్రమమే ఇండియన్ ఐడల్‌కు మూలం. మన దేశంలో ఇది 2004లో ప్రారంభమైనది. న్యాయనిర్ణేతలు గాయకులను ఎంపిక చేసిన తరువాత, చివరి దశలలో ప్రేక్షకుల ఓట్లే ఫలితాన్ని నిర్ణయించేవి. 2006లో తెలుగువాడైన కారుణ్య ఈ పోటీలో రెండవస్థానంతో ఆగిపోయాడు. 2010 ఆగస్టు 15న జరిగిన తుదిపోటీలో రాకేశ్ మైనీ, భూమి త్రివేదిలను దాటి శ్రీరామచంద్ర గెలుపొందాడు. అను మలిక్, సునిధి చౌహాన్, సలీమ్ మర్చంట్ న్యాయనిర్ణేతలు.

విజయానంతర జీవితము

బ్రిటనులో ఇటువంటి పోటీ విజేతకు రికార్డింగు సంస్థతో ఒప్పందం కుదిరి, వెంటనే పాట విడుదలవుతుంది. అయినా ఆ ఆదరణ నిలుస్తుందన్న నమ్మకం లేదు. స్కాట్లండు యువకుడు లియోన్ జాక్సన్ 2007లో ఎక్స్ ఫ్యాక్టర్ గెలిచి, తొలిపాటతోనే అగ్రస్థానం అందుకొన్నా, 2009 నాటికి ఆ సంస్థతో అతని ఒప్పందం ముగిసింది. మనదేశంలో జనాదరణ పొందే పాటలలో అధికభాగం సినిమా పాటలే. కనుక విజేత కూడా సంగీతదర్శకుల పిలుపు కొరకు ఎదురుచూడవలసినదే.

శ్రీరామచంద్ర విషయంలోనూ ఇదే జరిగింది. హిందీలో 2012లో ఖిలాడీ 786 చిత్రంలో శ్రేయా ఘోషల్‌తో కలిసి "బల్మా" పాట పాడాడు. 2013లో యే జవానీ హై దీవానీ చిత్రానికి ప్రీతమ్ స్వరపరచిన "సుభానల్లా" పాట ఇతనికి మంచి పేరు తెచ్చింది. అంటే పోటీలో గెలిచిన సుమారు మూడేళ్ళకు ఇంతటి గుర్తింపు లభించింది. అదే సంవత్సరం జగద్గురు ఆదిశంకర, ప్రేమ గీమ జాన్తా నై అనే తెలుగు చిత్రాలలో నటించాడు.

2021లో బిగ్ బాస్ తెలుగు అయిదవ భాగంలో పాల్గొని మూడవస్థానంలో నిలిచాడు. 2022లో ఆహాలో ప్రసారమైన తెలుగు ఇండియన్ ఐడల్ మొదటి భాగానికి వ్యాఖ్యాతగా వ్యవహరించాడు. పన్నెండేళ్ళ క్రితం తాను పోటీదారుగా నిలిచిన వేదిక వంటిదానిపైనే, ఈసారి కొత్త గాయకులను పరిచయం చేసే బాధ్యత ఇతనికి దక్కింది. ఆ పోటీలో నెల్లూరుకు చెందిన వాగ్దేవి విజేత.

తరువాతి విజేతలు

శ్రీరామచంద్ర తరువాత 2017లో శ్రీకాకుళానికి చెందిన రేవంత్ ఇండియన్ ఐడల్ తొమ్మిదవ పోటీలో గెలిచాడు. అయితే అప్పటికే, 2015లో వచ్చిన బాహుబలి చిత్రంలోని "మనోహరి" పాటతో అతడు తెలుగు శ్రోతలకు పరిచితుడు. పోటీకి ముందే సినిమా పాటలు పాడినవారు కొందరైతే, పోటీ తరువాత అవకాశాల కొరకు వేచిన వారు మరికొందరు. ఏ మార్గంలో వచ్చినా, విజేత అన్న బిరుదు పేరును పరిచయం చేస్తుందే కాని, గాయకునికి స్థానాన్ని నిలిపేది ఆ తరువాత పాడిన పాటలేనని వీరి అనుభవాలు తెలుపుతున్నాయి.